ఎదుటివారికి ఒక పని మిగల్చండి

నా మొదటి పాత్ర కోసం పదకొండు పేజీలు రాశాను. కాకినాడలో చదువుకునే రోజులవి. ఒక అద్దెగదిలో చాప చుట్టూ ఆరుగురం కూర్చున్నాం. చాప మీద రకరకాల ముఖాలున్న పాచికలు, జిరాక్స్ తీయించిన కాగితాలు. ఊహాలోకంలో ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా మారి, మాటలతోనే సాహసాలు చేసే రోల్‌ప్లేయింగ్ ఆట నాకు అదే మొదటిసారి. వారం రోజులు రాత్రిళ్ళు మేలుకుని రాసుకున్న నా వీరుడి కథ తీసి చదవడం మొదలుపెట్టాను. వాడి వంశం, తాత పోగొట్టుకున్న రాజ్యం, గురువు చేసిన ద్రోహం, భుజం మీది మచ్చ, దాని వెనక శపథం. దాదాపు నలభై నిమిషాలు చదివాను. అందరూ మర్యాదగా విన్నారు. అయ్యాక ఒకరు "బాగుంది" అన్నారు. ఆ తర్వాత నెలల తరబడి ఆడాం. ఆ రాజ్యం గురించి గానీ, ఆ గురువు గురించి గానీ నన్ను ఎవ్వరూ ఒక్క మాట అడగలేదు.

నా పక్కన యానాం నుంచి వచ్చిన మిత్రుడు కూర్చున్నాడు. అతని వంతు వచ్చింది. చేతిలో కాగితం కూడా లేదు. "నాకు ఈత రాదు. మా నాన్న పడవ నడుపుతాడు" అన్నాడు. అంతే.

గది ఒక్కసారిగా కదిలింది. పడవ నడిపేవాడి కొడుకుకు ఈత రాకపోవడమేమిటని ఒకరు. చిన్నప్పుడు ఏమైనా జరిగిందా అని ఇంకొకరు. రేపు ఏరు దాటాలి కదా, నువ్వెలా వస్తావని మరొకరు. "నా పాత్రకు బలం ఎక్కువ, నేను వీపున మోసుకెళ్తాను" అని మూలన కూర్చున్నవాడు. ఆట ఇంకా మొదలు కాకముందే అయిదుగురికీ ఆ పాత్రతో పని పడింది. ఆరు నెలల తర్వాత కూడా ఎక్కడ నీళ్ళు కనిపించినా అందరి చూపూ అతని వైపే తిరిగేది.

ఆ రాత్రి నాకు బాధ వేసింది. నేను పడ్డ శ్రమను ఎవరూ గుర్తించలేదని చాలా రోజులు అనుకున్నాను. తర్వాత ఊరికి వచ్చి, నేనే ఒక బృందాన్ని కూర్చుకుని ప్రతి ఆదివారం ఆడించడం మొదలుపెట్టాక గానీ విషయం అర్థం కాలేదు. నా పదకొండు పేజీలలో అన్నీ ఉన్నాయి. ప్రశ్నలూ నావే, జవాబులూ నావే. వినేవాళ్ళకు ఊ కొట్టడం తప్ప నేను ఏ పనీ మిగల్చలేదు. మన అమ్మమ్మలు కథ చెప్పేటప్పుడు ఊ కొట్టమనేవారు. కథకు ఆ ఊ చాలు. ఈ ఆటకు చాలదు. ఇక్కడ పక్కన కూర్చున్న మనిషి చేయి చాచి మన కథను పట్టుకోవాలి, తన వైపుకు లాగాలి, మెలి తిప్పి ఇంకొకరికి ఇవ్వాలి. అలా పట్టుకోవడానికి మన కథలో ఒక పిడి ఉండాలి. మనం తెచ్చినదానితో పక్కవారు ఏమి చేయగలరన్నదే ఈ ఆటలో దాని విలువ. ఈ మాట మీద నాతో వాదించే మిత్రులు చాలామంది ఉన్నారు కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ ఆట పుట్టుకలోనే నా వాదానికి సాక్ష్యం ఉంది. 1969లో అమెరికాలోని మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ అనే ఆయన తన మిత్రుల కోసం ఒక యుద్ధక్రీడ తయారుచేశారు. నెపోలియన్ కాలంలో బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్టణం. సైన్యాలను నడిపే పాత ఆటలకు భిన్నంగా, ఒక్కొక్కరికి ఆ ఊళ్ళో ఒక్కో మనిషి పాత్ర ఇచ్చారు. అయితే ఆటగాళ్ళు ఆయన వేసుకున్న పథకం ప్రకారం నడవలేదు. గుంపులుగా విడిపోయి, మూలల్లో రహస్యాలు మాట్లాడుకుని, ఒకరి మీద ఒకరు ఎత్తులు వేసుకున్నారు. గందరగోళం చూసి ఆట విఫలమైందని వెస్లీ అనుకున్నారు. ఆడినవాళ్ళు మాత్రం మళ్ళీ ఎప్పుడని అడిగారు. ఆ బృందంలోనే ఉన్న డేవ్ ఆర్నెసన్ ఆ దారినే పట్టుకుని బ్లాక్‌మూర్ అనే ఊహాలోకాన్ని అల్లారు. ఆయనా, విస్కాన్సిన్‌కు చెందిన గ్యారీ గైగాక్సూ కలిసి రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలుగా వచ్చింది. మొదటి విడత వెయ్యి ప్రతులు. యాభై ఏళ్ళ తర్వాత గోదావరి లంకల దగ్గర మేము అరుగు మీద కూర్చుని ఆడుతున్న ఆట వేరు అక్కడ ఉంది. ఒకరు రాసుకొచ్చిన పథకం పక్కకు పోయి, మిగిలినవాళ్ళు ఒకరికొకరు పని కల్పించుకున్న ఆ సాయంత్రమే ఈ ఆట పుట్టిందని నా నమ్మకం.

ఇదంతా పరాయిదేశపు సంగతి, మనకెందుకు అంటారేమో. మన దగ్గర ఇంతకన్నా పాతది, ఇంతకన్నా పదునైనది ఉంది. అవధానం. అష్టావధానంలో సమస్యాపూరణం చూసినవారికి నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది. అవధానికి పరీక్ష పెట్టే పృచ్ఛకుడు పద్యం మొత్తం తేడు. ఒక్క పాదం తెస్తాడు. ఆ పాదం పైకి వినడానికి అసంగతంగానో, అనుచితంగానో ఉంటుంది. సభ ఉలిక్కిపడుతుంది. మిగిలిన మూడు పాదాలు అవధాని కట్టాలి, కట్టి ఆ ఒక్క పాదానికి కొత్త అర్థం పుట్టించాలి. మంచి పృచ్ఛకుడి నేర్పు ఎక్కడుందో గమనించండి. పాదం మరీ సులువుగా ఉంటే అవధానికి పని లేదు. ఏ వైపు నుంచీ దారి లేకుండా బిగించేస్తే పద్యమే లేదు. తలుపు మూసి గడియ మాత్రం బయటివైపు ఉంచాలి. నిషిద్ధాక్షరి కూడా అంతే. అవధాని తర్వాత ఏ అక్షరం వేయబోతున్నాడో ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు, అవధాని ఆ మలుపులోంచి ఇంకో మాటను పుట్టిస్తాడు. ఆ పద్యం ఇద్దరిదీ.

ఈ విద్యను ఊరూరా తిప్పి జనం నోళ్ళలో నిలిపిన జంట కవులు మన డెల్టా వాళ్ళే. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి పుట్టింది కడియంలో, దివాకర్ల తిరుపతిశాస్త్రి పుట్టింది భీమవరం దగ్గర యండగండిలో. ఒక పద్యంలో ఏ ముక్క ఎవరిదో చెప్పలేనట్టుగా ఇద్దరు మనుషులు జీవితాంతం కలిసి రాసిన నేల ఇది. కలిసి కథ అల్లడం మనకు రాదని, అది పట్నాల్లో ఇంగ్లీషు చదువుకున్న పిల్లల వ్యాపకమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. యానాం మిత్రుడు ఆ రోజు గదిలో ఇచ్చింది ఒక మంచి సమస్య. ఒక్క పాదం. మిగతా పాదాలు మేము కట్టాం.

ఇప్పుడు మా అరుగు సంగతి చెప్తాను. వసిష్ఠ నుంచి విడిపోయే వైనతేయ పాయ ఒడ్డున మా ఊరు. ఆదివారం సాయంత్రం నలుగురు వస్తారు. చిన్నాన్న కూతురు, డిగ్రీ చదువుతోంది. రొయ్యల చెరువు చూసుకునే మా బావ. ఎదురింటి పిల్లవాడు, తొమ్మిదో తరగతి. కాలవ లాకుల దగ్గర లస్కరుగా పనిచేసి రిటైరైన మా బాబాయి. నేను సూత్రధారిని. ఆటలో కథను నడిపించే గేమ్ మాస్టర్‌కు మేము పెట్టుకున్న పేరు అది. బాబాయి మొదటి నాలుగైదు వారాలు ఆడలేదు, పడక కుర్చీలో కూర్చుని చూసేవారు. ఒకరోజు కాగితం ఒకటి నా మీదికి చాచి "నాకూ ఒక మనిషిని రాసిపెట్టరా" అన్నారు.

ఆ నెలలో మేము ఆడుతున్న కథ వరదది. ఊహలోని ఒక లంక, దాని చుట్టూ గట్టు, గట్టు లోపల ఎప్పటినుంచో నిద్రపోతున్న ఒక జీవి. ఎర్రనీరు వచ్చినప్పుడల్లా అది మేలుకుని మట్టిని తొలుచుకుంటూ పోతుంది. కథలో కాలాన్ని కొలవడానికి నేను ధవళేశ్వరం లెక్కనే తీసుకున్నాను. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మా వైపు పిల్లలకు ఎక్కాలకన్నా ముందు వచ్చే అంకెలు ఇవి. ఆటగాళ్ళు తర్జనభర్జనలతో ఒక పూట వృథా చేసిన ప్రతిసారీ గోడ మీద సుద్దముక్కతో గీసిన గీత ఒక అడుగు పైకి జరుగుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు సామాన్లు అటకెక్కించుకున్న ఇళ్ళ మనుషులకు ఆ గీత చూస్తే ఏమనిపిస్తుందో నేను వేరే వర్ణించనక్కర్లేదు.

రెండో హెచ్చరిక దాటింది. గట్టు లోపలివైపు, పొలంలో ఒకచోట నీళ్ళు ఊరుతున్నాయని చెప్పాను. బావ కత్తి తీశాడు. చెల్లెలు మంత్రం చదువుతానంది. పిల్లవాడు ఆ కన్నంలోకి దూరతానన్నాడు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అప్పుడు బాబాయి చేయి పైకెత్తి నన్ను అడిగారు.

"ఆ ఊట నీళ్ళు తేటగా ఉన్నాయా, బురదగా ఉన్నాయా?"

నా కాగితాలలో ఆ సంగతి లేదు. నేను ఆలోచించనే లేదు. ఎందుకు బాబాయ్ అన్నాను. తేటనీరు ఊరితే నీరు మాత్రమే వస్తున్నట్టు, కాపలా పెడితే చాలు. బురద వస్తే గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టు, రాత్రి గడవదు అన్నారు. 1986 ఆగస్టులో, భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటిన ఆ పెద్ద వరదలో, కొత్తగా పనిలో చేరిన కుర్రవాడిగా గట్టు మీద లాంతరు పట్టుకుని ఆయన చూసింది అదే. అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. నేను కొంచెం ఆగి, "బురదగా ఉంది" అన్నాను.

అక్కడినుంచి రెండు గంటలు నేను నోరు తెరవాల్సిన అవసరం పెద్దగా రాలేదు. కన్నాన్ని మూసేద్దామని బావ అంటే బాబాయి వద్దన్నారు. మూస్తే ఇంకోచోట పొడుచుకొస్తుంది, చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా గోడ కట్టి నీటిని అందులోనే నిలబెట్టాలి, లోపల నీరు లేచేకొద్దీ అడుగు నుంచి తోసే బలం తగ్గుతుంది అన్నారు. బస్తాలకు మనుషులు కావాలి. చెల్లెలి పాత్ర ఊరి దగ్గర ఒక పాత అబద్ధం చెప్పి ఉంది, ఇప్పుడు ఆ ఊరినే నిద్రలేపి నమ్మించాలి. బావ పాత్ర బస్తాలు మోయాలి. గోడ పైకి లేస్తున్నంతసేపూ ఆ జీవి బయటికి రాకుండా పిల్లవాడు దానితో మాటలు కలపాలి. ఒక్క ప్రశ్న నలుగురికీ పని పంచింది. ఇన్నేళ్ళలో మా అరుగు మీద ఎవరైనా అడిగిన ప్రశ్నలలో అంత మంచి ప్రశ్న నేను వినలేదు.

ఆ ప్రశ్న ఎందుకు అంత బాగుందో చాలాసార్లు ఆలోచించాను. "నాకు ఏమేమి కనిపిస్తున్నాయి?" అని అడిగితే బరువంతా సూత్రధారి మీద పడుతుంది, అతను చెప్పింది విని మిగతావాళ్ళు ఎదురుచూస్తారు. "దీన్ని ఎలా ఆపాలి?" అంటే అది ప్రశ్న రూపంలో ఉన్న లొంగుబాటు. బాబాయి అడిగినదాంట్లో రెండే దారులున్నాయి, ఏ దారిలో వెళ్ళినా కథ ముందుకే నడుస్తుంది, అడగడానికి ముందే ఆయన కొంత ఆలోచించి ఉన్నారన్నది వినేవాళ్ళకు తెలుస్తోంది. కొత్తగా ఆడేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఏమి సాధించాలనుకుంటున్నారో, ఎలా సాధించాలనుకుంటున్నారో కలిపి చెప్పండి. "తలుపు తెరుచుకుంటుందా?" అనకుండా "లోపలివాళ్ళు లేవకూడదు, అందుకని గడియకు నూనె రాసి తోస్తాను, నూనె ఎవరి దగ్గరైనా ఉందా?" అనండి. ఆ చివరి ముక్క ముఖ్యం. ఆ ముక్కతోనే పక్కవారు కథలోకి వస్తారు.

ఆట నియమాలలోనే ఈ గుణం ఉంది, చాలామంది గమనించరు. మా దగ్గర ఇరవై ముఖాల పాచిక మొదట్లో లేదు. చెల్లెలు ఇరవై చింతపిక్కలు ఏరి, ఒకవైపు అరగదీసి, గోళ్ళరంగుతో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేసింది. ఇత్తడి చెంబులో వేసి, కళ్ళు మూసుకుని ఒకటి తీసి, చూసి, మళ్ళీ చెంబులో వేయాలి. అలా వేసినంతకాలం లెక్క పాచికతో సమానమే, ఒక్కో అంకెకు నూటికి అయిదు వంతులు. తర్వాత పాచికలు తెప్పించాను గానీ ఎవరూ వాటిని ముట్టుకోలేదు. చెంబులో పిక్కలు కదిలే చప్పుడు లేకపోతే ఏదో వెలితిగా ఉందన్నారు. చిన్నప్పుడు అష్టాచెమ్మా గవ్వలు గిలకరించిన చేతులు కదా.

కష్టమైన పని చేయాలంటే 15గానీ అంతకన్నా పెద్ద అంకెగానీ రావాలనుకోండి. ఒక్క పిక్కతో గెలిచే అవకాశం నూటికి 30. ఇంకొకరు సాయం చేస్తే రెండుసార్లు తీసి పెద్దది ఉంచుకోవచ్చు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పులో ఉన్న నియమమే ఇది. అప్పుడు అవకాశం 51కి చేరుతుంది. కత్తికి ఎంత పదును పెట్టినా, ఎంత బంగారం పోసి కవచం కొన్నా అంత తేడా సులువుగా రాదు. పక్కన ఒక మనిషి నిలబడితే వస్తుంది. మా దగ్గర మేము చేర్చుకున్న షరతు ఒకటే. "సాయం చేస్తున్నాను" అంటే సరిపోదు, ఎలా చేస్తున్నారో చెప్పాలి. లాంతరు పట్టుకున్నారా, తాడు బిగించారా, కాపలావాడిని మాటల్లో పెట్టారా? అది చెప్పిన క్షణం నుంచి వాళ్ళ పాత్ర కూడా ఆ ప్రమాదంలో ఉన్నట్టే.

పిక్క చిన్నది వస్తే? చాలా బృందాలు ఇక్కడ దెబ్బతింటాయి. "రాలేదు, తాడు ఊడలేదు" అని సూత్రధారి ఊరుకుంటే కథ ఆగిపోతుంది, ఓడిన మనిషి ఒంటరి అవుతాడు. తాడు తెగి, ఏరు దాటించే పంటు లంగరు లేకుండా ప్రవాహంలో పడిందని చెప్పండి. ఓడినవాడి వల్ల కూడా అందరికీ పని దొరకాలి.

ఎదురింటి పిల్లవాడి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. వాడు ఒక నోటుపుస్తకం నిండా ఒక భూతాన్ని సృష్టించి తెచ్చాడు. కోరింగ మడ అడవుల భూతం. దాని పుట్టుక, దాని ముత్తాతలు, దాని ఏడు రూపాలు, గతంలో అది చేసిన యుద్ధాలు. పుస్తకం చేతిలోకి తీసుకుంటే నా పదకొండు పేజీలు గుర్తొచ్చాయి. వాడి కళ్ళలో వెలుగు చూసి, "బాగుంది" అని ఊరుకోవడం నాకు మనసొప్పలేదు. నేను పొందిన "బాగుంది" ఎంత బరువుగా ఉంటుందో నాకు తెలుసు. పుస్తకమంతా చదివి, వచ్చే వారానికి మూడే సంగతులు చెప్పమన్నాను. అది దగ్గరికి వస్తోందని మాకు ముందుగా ఎలా తెలుస్తుంది? దానికి ఏమి కావాలి? దాన్ని చంపకుండా మేము గెలవడానికి ఏమైనా దారి ఉందా?

వారం తర్వాత వాడు వచ్చి చెప్పింది ఇది. మడచెట్ల వేర్లు బురదలోంచి వేళ్ళలా పైకి పొడుచుకుని ఉంటాయి, అవి ఆ చెట్లు ఊపిరి తీసుకునే వేర్లు. పోటు వచ్చినప్పుడు నీరు వాటిని ముంచేస్తుంది. అడవి మొత్తం ఊపిరి బిగబట్టే ఆ వేళలో ఎవరు చప్పుడు చేస్తే వాళ్ళను అది తీసుకుపోతుంది. పాటు మొదలై వేళ్ళు మళ్ళీ తేలేదాకా ఆగగలిగితే అది మనల్ని చూసుకుంటూ వెళ్ళిపోతుంది.

మేము ఆ అడవిలోకి వెళ్ళిన ఆదివారం వాడే నియమం పెట్టాడు. పోటు వేళ ఆటగాళ్ళు కూడా మాట్లాడకూడదు. సైగలతోనే అంతా. పావుగంట సేపు అయిదుగురం అరుగు మీద చేతులు తిప్పుకుంటూ, పెదవులు బిగించి కూర్చున్నాం. బావ తన చెరువు దగ్గర మోటారు ఆగిందని ఫోను మోగితే తీయకుండా అరచేతిలో నొక్కిపట్టి వీధిలోకి పరుగెత్తాడు. ఆ ఒక్క సాయంత్రం కోసం వాడి నోటుపుస్తకంలోని ఏడు రూపాలూ, యుద్ధాలూ మాకు అక్కర్లేకపోయాయి. అవి లేకపోతే ఆ మూడు వాక్యాలు వాడికి తట్టేవి కావని కూడా ఒప్పుకుంటాను.

ఇక్కడే మిత్రులు నాతో వాదానికి దిగుతారు. లోకాన్ని లోతుగా కట్టడంలో ఒక ఆనందం ఉంది, దాన్ని వదులుకోమంటావా అని. వదులుకోమనను. నేనూ రాస్తాను, ఇప్పటికీ రాత్రిళ్ళు రాస్తాను. రాసింది పెట్టెలో ఉండనివ్వండి. అరుగు మీదికి తెచ్చేటప్పుడు పిడి మాత్రం తెండి, ఎవరైనా లాగినప్పుడు మిగతాది కొంచెం కొంచెంగా బయటికి రానివ్వండి. గోడ కట్టేటప్పుడు పునాది ఎంత లోతో అతిథికి చూపించం, ఇంట్లోకి రమ్మంటాం.

ఇంకొక అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. పక్కవాళ్ళ కోసం నన్ను నేను తగ్గించుకోవాలా అన్నది. కొందరు మంచివాళ్ళు నిజంగానే అలా చేస్తారు. ఎవరికీ అడ్డు రాకూడదని మౌనంగా కూర్చుంటారు, అందరూ ఏమంటే అదే అంటారు. దాన్ని ఔదార్యం అనుకుంటారు. నా దృష్టిలో అది నలభై నిమిషాలు చదవడానికి అవతలి ఒడ్డు మాత్రమే. చదివినవాడు పని మిగల్చడు, మౌనంగా ఉన్నవాడు పని ఇవ్వడు. యానాం మిత్రుడు తనను తాను తగ్గించుకోలేదు. తన పాత్రలోని అన్నిటికన్నా బలహీనమైన చోటును ధైర్యంగా అందరి ముందూ పెట్టాడు. నా వీరుడికి ఏ లోటూ లేదు, అందుకే ఎవరి అవసరమూ పడలేదు. ఒక అప్పు, ఒక భయం, మాట తప్పిన ఒక చుట్టం, అర్ధంతరంగా ఆగిన ఒక ప్రయాణం ఉన్న పాత్రను రాయండి. పక్కవారు తలుపు తట్టకుండా ఉండలేరు.

తెలుగులో ఆడటం గురించి కూడా ఒక మాట. పేర్లు మార్చి పెట్టినంత మాత్రాన ఆట మనదైపోదు. పరాయి కోటకు మన రాజు పేరు పెడితే అది పరాయి కోటే. ఏటిగట్టు ఎలా తెగుతుందో, పంటు ఎలా ఒడ్డు పట్టుకుంటుందో, తుఫానుకు కొబ్బరిచెట్టు ఎటు వాలుతుందో తెలిసిన మనిషి తన తెలివిని ఆటలో వాడుకోగలిగినప్పుడు అది మనదవుతుంది. బాబాయి ఇంగ్లీషు పుస్తకం ఒక్కటీ తెరవలేదు. ఆటలో ప్రతి పాత్రకూ ఉండే ఆరు గుణాలకు మేము పెట్టుకున్న పేర్లు, బలం, చురుకు, దారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ, ఆయనకు చాలు. రాయాలనుకునేవారికి అడ్డం కూడా ఇప్పుడు లేదు. 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురణకర్తలు హక్కుల నిబంధనలు మార్చడానికి చేసిన ప్రయత్నం మీద ఆటగాళ్ళు ప్రపంచమంతటా గట్టిగా నిరసన తెలిపాక, అయిదో కూర్పు మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలం ఎవరిదో చెప్పి ఎవరైనా అనువదించుకోవచ్చు, దాని మీద కొత్త కథలు కట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. లంకల కథలు, మన్యం కథలు, కొల్లేటి కథలు తెలుగులో రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాస్తే మాత్రం ఆడేవాళ్ళకు చోటు వదిలి రాయండి. చివర ఏమి జరుగుతుందో మీరే తేల్చేస్తే దాన్ని నవలగా వేసుకోవడం మేలు.

వచ్చే ఆదివారం నుంచి సూత్రధారి బాధ్యత చెల్లెలు తీసుకుంటోంది. అయిదేళ్ళ తర్వాత నేను మళ్ళీ ఒక పాత్రగా కూర్చోబోతున్నాను. ఆమె అప్పుడే ఇరవై పిక్కలకూ రంగు మళ్ళీ వేసి ఆరబెట్టింది. అందరం పాత్రలు రాసి శనివారానికి ఇవ్వాలంది. నేను క్యాలెండరు కాగితం వెనక రాసి నిన్ననే ఇచ్చేశాను. చదివి, ఏమీ అనకుండా బాబాయి వైపు చూసింది. ఆయన ఆ కాగితం తీసుకుని కళ్ళజోడు పెట్టుకున్నారు. అందులో ఉన్నది ఇంతే.

"లాకుల తలుపులు తిప్పే ఇనుప పిడి నా దగ్గర ఉంది. నాకు అది ఇచ్చిన మనిషి ఇప్పుడు ఊళ్ళో లేడు."

"ఎవరు ఇచ్చారురా?" అన్నారు బాబాయి.

"మీరే చెప్పాలి" అన్నాను.